కుట్టుగది గడియ

పీణ్య పారిశ్రామికవాడ దాటి, ఫ్యాక్టరీల షెడ్లు పలచబడి, లారీలు మాత్రమే తిరిగే మట్టిరోడ్డు చివర ఆడపిల్లల గృహం ఒకటి ఉంది. ఏదో తప్పు చేశారని పోలీసులు పట్టుకున్న పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలను కేసు తేలేదాకా అక్కడ ఉంచుతారు. గేటు ముందు టీ అమ్మేవాడికి కూడా లోపల ఎంతమంది ఉన్నారో తెలియదు.

అంబిక వారానికి మూడు రోజులు అక్కడికి కుట్టుపని నేర్పడానికి వెళ్ళేది. బొమ్మనహళ్ళి గార్మెంట్స్‌లో పదకొండేళ్ళు షర్టు కాలర్లు కుట్టిన చెయ్యి ఆమెది. ఆ యూనిట్ మూతపడ్డాక తల్లి నంజమ్మను వెంటబెట్టుకుని పీణ్యకు మారింది. ఒక సేవాసంస్థ వాళ్ళు ఈ పని ఇప్పించారు. మొదటిరోజు లోపలికి పోవాలంటే భయపడింది. వారం తిరక్కముందే ఆ భయం పోయింది. కత్తి పట్టుకున్న కేసులో వచ్చిన పిల్ల, సూది వేలికి గుచ్చుకుంటే కళ్ళనీళ్ళు పెట్టుకుని వేలు నోట్లో పెట్టుకుంది. ఇంక వాళ్ళంటే భయమేముంటుంది?

భయపెట్టినవి వేరే. పద్నాలుగు మందికి ఒకటే పడకహాలు. రెండు మరుగుదొడ్లు, ఒకదానికి తలుపు లేదు. ఇద్దరికి ఒక రగ్గు. జ్వరమొస్తే ఒక తెల్లమాత్ర, కడుపునొప్పికీ అదే మాత్ర. సాయంత్రం ఐదున్నరకు అన్నం, ఆరు తర్వాత హాలుకు తాళం, మళ్ళీ తెల్లవారితేనే తియ్యడం. ఎండలోకి వదిలేది రోజుకు ఒక గంట. ఆ గంట కూడా సూపరింటెండెంటు ఛాయాదేవి మనసును బట్టి.

కుట్టుగది నడవా చివర ఉండేది. కిటికీ లేదు. చెయ్యి అందనంత ఎత్తులో మూడు ఇటుకల వెడల్పు కంత, దానికి జాలీ. ఇనుప తలుపు, గడియ బయటివైపు. లోపలివైపు పట్టుకోవడానికి పిడి కూడా లేదు.

"ఇదేం గది మేడమ్?" అని మొదట్లో అంబిక అడిగింది.

"స్టోరు. మిషన్లు పెట్టను వేరే చోటు లేదు" అంది ఛాయాదేవి, కాగితం మీదినుంచి తల ఎత్తకుండా.

ఆ గది తాళంచెవి పాపక్క దగ్గర ఉండేది. పాపక్క ఆ గృహంలో ఇరవై ఏళ్ళుగా ఆయా. పిల్లల మీద అరిచేది, అరిచిన నోటితోనే చాటుగా బెల్లంముక్క పెట్టేది. ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినేది కాదు. ఐదుంపావు అయ్యేసరికి కుట్టుగది గుమ్మంలో నిలబడి అందరినీ తొందరపెట్టేది.

"బిన్నా రండప్పా, బిన్నా! ఇంగ యాళైంది. ఎవురూ ఉండద్దు ఈడ."

గదిలోకి మాత్రం అడుగు పెట్టేది కాదు. టీవీ సీరియల్ కోసం తొందరేమో అనుకునేది అంబిక.

ఆ మంగళవారం మధ్యాహ్నంనుంచే మబ్బు కమ్మింది. క్లాసులో కొత్తగా మేఘన అనే పిల్ల ఉంది. వచ్చి మూడు రోజులైంది. పదిహేనేళ్ళు ఉంటాయి. పని చేసే ఇంట్లో ఫోను పోయిందని పట్టించారు. దారం ఎక్కించమంటే కళ్ళు మూతలుపడి సూదిబెజ్జం దొరకలేదు.

"నిద్ర పోతున్నావా రాత్రి?" అని అడిగింది అంబిక.

మేఘన తల అడ్డంగా ఊపింది. ఏదో చెప్పబోయింది. పక్కనున్న పెద్దపిల్ల మోచేత్తో పొడిచింది. మేఘన మళ్ళీ సూది అందుకుంది.

ఐదు గంటలకు మూలనున్న మిషను బెల్టు తెగింది. పిల్లలు వెళ్ళాక అంబిక ఆ మూల నేలమీద కూర్చుని, మిషను కిందికి దూరి కొత్త బెల్టు ఎక్కించసాగింది. ఆమెకూ గుమ్మానికీ మధ్య యూనిఫాం గుడ్డల మూటలు నడుమెత్తున ఉన్నాయి. అప్పుడే వాన విరుచుకుపడింది. పైన రేకులు. ఆ చప్పుడులో పాపక్క పిలిచిందో లేదో వినపడలేదు. తలుపు మూసుకున్న చప్పుడు మాత్రం వినపడింది. తర్వాత గడియ. తర్వాత తాళం.

"పాపక్కా! నేనున్నా లోపల!"

అడుగులు దూరమయ్యాయి. మామూలుగా కాదు, పరుగులాంటి నడకతో.

అంబిక లేచి తలుపు కొట్టింది. పిలిచింది. నవ్వు కూడా వచ్చింది. ఫోను గేటు దగ్గర ఇచ్చి రావడం అక్కడి నియమం. వాన కాస్త తగ్గితే వింటార్లే అనుకుని స్టూలు మీద కూర్చుంది. కరెంటు పోయింది.

పైనున్న కంత బూడిదరంగుగా మిగిలింది. మిగతా గదంతా నలుపు. మిషను నూనె వాసన, కొత్తగుడ్డ గంజివాసన... ఆ రెండూ ఆమెకు చిన్నప్పటినుంచి తెలిసిన వాసనలే. కొంతసేపటికి వాటి కిందనుంచి ఇంకో వాసన లేచింది. చాలా రోజులు జ్వరపడి లేవని మనిషి పక్కబట్టల వాసన.

వాన తగ్గింది. అంబిక మళ్ళీ తలుపు దగ్గరికి పోయి గట్టిగా కొట్టింది. ఇప్పుడు బయట చప్పుళ్ళు తెలుస్తున్నాయి. నడవాలో గిన్నెల మోత. పిల్లల మాటలు. ఆమె కొట్టగానే ఆ మాటలు ఆగిపోయాయి. అన్నీ ఒక్కసారిగా.

విన్నారు. కచ్చితంగా విన్నారు.

ఎవరూ రాలేదు.

"పాపక్కా! నేనమ్మా, అంబికను! తలుపు తియ్యి!"

వంటగదిలో ఎవరో ఫోనులో భజన పెట్టారు. దాన్ని పెంచారు. ఇంకా పెంచారు.

అంబిక తలుపుకు చెవి ఆనించి నిలబడిపోయింది. భజన వెనకాల, చాలా దగ్గరగా, ఇంకో చప్పుడు. ఊపిరి. చిల్లుపడిన గొట్టంలో ఊదుతున్నట్టు... లాగి, ఆగి, మళ్ళీ లాగి. అది తలుపు అవతలనుంచి కాదు.

తలుపు ఇవతల, కిందనుంచి. ఆమె మోకాళ్ళ దగ్గరనుంచి.

"ఆడ కాదక్కా."

సన్నని గొంతు. పిల్ల ఎవరో లోపల ఉండిపోయింది అనుకుంది అంబిక. అలా అనుకోవాలని గట్టిగా పట్టుబట్టింది.

"ఎవరే? మేఘనా?"

"ఆడ కొడితే వినపడదు. ఇంగా కింద. ఈడ కొట్టల్ల."

అచ్చం అమ్మ మాట్లాడే మాట. ముల్బాగల్ పక్క తెలుగు.

"నువ్వు... ఎప్పట్నుంచి ఉండావే ఈడ?"

"కంత తెల్లగైతే పగులు. నల్లగైతే రేతిరి. అంతే తెలుసక్కా."

మళ్ళీ ఊపిరి. లాగి... ఆగి...

"వస్తార్లే, భయపడొద్దు. ఎవరైనా వస్తారు" అంది అంబిక. ఎవరికి చెప్తోందో ఆమెకే తెలియలేదు.

"ఒస్తారు." ఆ గొంతులో కోపం లేదు. తెలిసిన సంగతి చెప్పినట్టుంది. "మనం అరిసేది నిలిపినాక ఒస్తారు."

చీకట్లో ఒక చెయ్యి ఆమె మణికట్టును పట్టుకుంది. చిన్న చెయ్యి. తడిగా ఉంది. వేళ్ళ కణుపులు ఉబ్బి, చర్మం లేచిపోయి ఉన్నాయి. అది ఆమె చేతిని మెల్లగా కిందికి లాగింది. మోకాలి ఎత్తున, ఇనుపరేకు పలచగా ఉన్న చోట ఆనించింది. కొట్టించింది. ఒకసారి. ఇంకోసారి. తర్వాత వదిలేసి, తానూ పక్కన కొట్టసాగింది.

అంబిక కళ్ళు మూసుకుని కొట్టింది. ఆగితే ఏమవుతుందో ఆమెకు అర్థమైంది. ఆగకూడదు. పక్కన ఊపిరి... ఆగుతోంది... మళ్ళీ లాగుతోంది. కొట్టింది. అరచెయ్యి చిట్లింది. కొట్టింది...

తాళం తిరిగిన చప్పుడు.

వెలుతురు కళ్ళలో పడింది. కరెంటు ఎప్పుడొచ్చిందో వచ్చింది. గుమ్మంలో మేఘన నిలబడి ఉంది. చేతిలో తాళాల గుత్తి. వెనక నడవా గోడకు ఆనుకుని పన్నెండు పదమూడు మంది పిల్లలు చున్నీలు చెవులకు చుట్టుకుని ఒకరినొకరు పట్టుకుని కూర్చుని ఉన్నారు. వాళ్ళ అన్నం కంచాల్లో అలాగే ఉంది.

అంబిక వెనక్కి తిరిగి చూసింది. గదిలో మిషన్లు, మూటలు. ఇంకేమీ లేదు.

"ఆరైతే ఇది రోజూ కొడుతుంది, చెవులు మూసుకో అన్నారక్కా వీళ్ళు" అంది మేఘన. "మొన్నా నిన్నా విన్నాను. ఒక్కరే కొట్టేది. ఈరోజు ఇద్దరు కొడుతున్నారు. అందుకే... పాపక్క నడుంనుంచి లాక్కొచ్చినాను."

పాపక్క వంటగది గడపలో కూలబడి ఉంది. అంబికను చూసి రెండు చేతులూ నెత్తికి కొట్టుకుంది.

"నువ్వని అనుకోలేదమ్మా. దేవుడిమీద ఆన. పూలమ్మే అనుకున్నా."

అప్పుడు బయటపడింది సంగతి. రెండేళ్ళ కిందట ఆ గదిలో మిషన్లు లేవు. మాట వినని పిల్లలను అందులో పెట్టేవాళ్ళు. అన్నంలో పురుగులున్నాయని కంచం విసిరేసిన ఒక పిల్లను మూడు రోజులు పెట్టారు. ఆ పిల్లకు ఉబ్బసం. పేరు నోరు తిరగక అందరూ పూలమ్మ అనేవాళ్ళు. మూడోరోజు సాయంత్రం ఆరు గంటలకు తలుపు కొట్టడం మొదలుపెట్టింది.

"నాటకం ఆడతా ఉండాది, తియ్యొద్దు అన్నారు మేడమ్. తాళంచెవి నా నడుంలోనే ఉన్నింది. నా నడుంలోనే..." పాపక్క నడుము తడుముకుంది. "తొమ్మిదింటికి ఊరికయింది. నిద్రపోయిందిలే అనుకుంటి. తెల్లారి తీస్తే తలుపుకు ఆనుకోనుండాది. కొట్టే చెయ్యి కొట్టినట్టే ఉండాది."

ఆసుపత్రిలో చనిపోయినట్టు కాగితాలు రాశారు. నెల తిరక్కముందే గదికి సున్నం వేయించి మిషన్లు దించారు.

గొడుగు పట్టుకుని ఛాయాదేవి వచ్చింది. అంబిక చేతినుంచి కారుతున్న రక్తం చూసింది. చూసి, మొట్టమొదట అడిగింది, "తాళంచెవి ఎవరు తీసినారు?"

మేఘన చేతిలో గుత్తి కనపడుతూనే ఉంది.

"ఆయా మీద చెయ్యి చేసుకుని తాళాలు లాక్కుంటావా? పాపక్కా, దీన్ని లోపల వెయ్యి. రేపు చూద్దాం."

మేఘన ఏడవలేదు. ఆ గది గుమ్మం వైపు చూసి నేలమీద కూర్చుండిపోయింది. పాపక్క లేవలేదు.

అంబికకు ఆ గడప దగ్గరికి మళ్ళీ పోవాలంటే కాళ్ళు రావడంలేదు. అయినా పోయింది. గడప మీద కూర్చుంది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

"నన్నూ పెట్టండి మేడమ్. ఇద్దరం కలిసి కొడతాం. రేపు ఎవరికి ఏం రాసుకుంటారో రాసుకోండి."

"నీ పని పోతాదమ్మా" అంది ఛాయాదేవి.

"పోనీండి."

ఆమె అక్కడినుంచి కదల్లేదు. పెద్దపిల్ల ఒకతె గేటు దగ్గరికి పరిగెత్తింది. కాపలా ఉండే అశ్వత్థప్ప ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పని మనిషి. ఆ సాయంత్రం మాత్రం అంబిక ఫోను తానే తెచ్చి ఆమె చేతికిచ్చాడు. పిల్లల సహాయం కోసం ఉన్న నంబరుకు అంబిక ఫోను చేసింది. ఎనిమిదిన్నరకు వాళ్ళ జీపు వచ్చింది. అంతసేపూ ఆమె వీపు వెనక గదిలోంచి చల్లగాలి వీస్తూనే ఉంది. ఆమె తిరిగి చూడలేదు.

తర్వాత పనులు త్వరగానే జరిగాయి. తనిఖీ కమిటీ వచ్చింది. పిల్లలను ఒంటరిగా గదిలో వేసి మూయడం చట్టం ఒప్పుకోదని అందరికీ తెలిసిందే, అప్పుడు కాగితం మీద కూడా రాశారు. ఛాయాదేవిని పనిలోంచి తప్పించారు. పాపక్క దాచకుండా అంతా చెప్పి, వాంగ్మూలం మీద వేలిముద్ర వేసింది. వెల్డింగు కుర్రాళ్ళు వచ్చి ఆ ఇనుప తలుపును కోసి పట్టుకుపోయారు. మేఘనకు బెయిలు దొరికి అవ్వ వెంట వెళ్ళిపోయింది.

తలుపు కోసి తీసేసిన సాయంత్రం ఆరు గంటలకు పిల్లలు అలవాటుగా చున్నీలు చేతిలోకి తీసుకున్నారు. ఏ చప్పుడూ రాలేదు. మర్నాడూ రాలేదు. అందరూ కంచాల్లోది తినేసి పడుకున్నారు.

నెలన్నర తర్వాత కమిటీలోని వకీలు అమరనాథ్ అంబికను సంతకాల కోసం పిలిచాడు. ఆఫీసు గదిలో పాత రిజిస్టర్లు ముందేసుకుని కూర్చున్నాడు. నిదానమైన మనిషి. ప్రతి కాగితం చదివి వినిపించి మరీ సంతకం పెట్టించుకున్నాడు.

"చనిపోయిన అమ్మాయి అసలు పేరు ఫూల్మణి" అన్నాడు. "జార్ఖండ్ పిల్ల. ఇక్కడి ఇటుక బట్టీకి పనికి తెచ్చారట. పాపం, వాళ్ళ భాష తప్ప ఇంకోటి రాదు. ఆ సాయంత్రం ఏమని అరిచిందో ఈ ఇంట్లో ఒక్కరికీ అర్థం కాలేదమ్మా. ఆయాకు కూడా."

అంబిక పెన్ను కింద పెట్టింది.

"తెలుగు రాదా సార్?"

"ఎలా వస్తుంది? ఈ ఊరొచ్చి నెల కూడా కాలేదు."

"ఒక్క ముక్క కూడా?"

ఆయన తల ఎత్తి ఆమె ముఖం చూశాడు. "ఏం?"

"ఇక్కడ ఇంకెవరైనా... ముల్బాగల్ పక్క పిల్ల... ఎప్పుడైనా పోయిందేమో చూస్తారా సార్?"

ఎందుకని ఆయన మళ్ళీ అడగలేదు. రిజిస్టర్లు ఒక్కొక్కటే వెనక్కి తిప్పాడు. రెండేళ్ళు. ఐదేళ్ళు. పన్నెండేళ్ళు. చివరిదాని అట్ట ఊడిపోయి ఉంది, మొదటి పేజీలు చెదలు తినేసి ఉన్నాయి. అన్నీ చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"లేదమ్మా. రాసినంతవరకూ పోయింది ఈ ఒక్క పిల్లే."