కౌలు మాట

పెళ్ళయి నెల కూడా నిండని ఆరీఫాకు అనంతపురంలోని అత్తింట్లో అన్నీ ముచ్చటే. గాజులు గలగలలాడితే నవ్వు, పోపులో కరివేపాకు చిటపటలాడితే నవ్వు. ఆ ఉదయం తొలిసారి తానే బొరుగులతో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసింది. మామ షావలి ఇంకో బజ్జీ అడిగేసరికి ఆమె పాదాలు నేల మీద ఆగలేదు.

షావలి కరెంటు ధరలు తేల్చే మండలిలో సభ్యుడు. మడకశిర వైపు పలకలు పరిచిన సోలార్ కంపెనీ ఒకటి తన కరెంటుకు రేటు పెంచమని అడిగింది. ఆ రోజే ఊళ్ళో బహిరంగ విచారణ. పదవి ముగిసేలోపు ఆయన వినబోయే పెద్ద కేసు అదే. దానికోసం నెలల తరబడి చదివాడు.

"రేటు పెంచేయండి మామా! మా నాయనకు కౌలు కూడా పెరుగుతాది," అంది ఆరీఫా బజ్జీ వడ్డిస్తూ.

షావలి చెయ్యి ఆగిపోయింది. "కౌలా? మీ భూమి శెనక్కాయల రైతుకు కదమ్మా ఇచ్చినారు?"

"లేదు మామా, ఆ సోలార్ కంపెనీకే. కరెంటు రేటును బట్టి కౌలు."

పెళ్ళిమాటలప్పుడు వియ్యంకుడు 'భూమి కౌలుకిచ్చినాం' అన్నాడు. కౌలంటే సేద్యమేననుకున్నాడు షావలి. ఇంకో మాట అడగలేదు.

ఆయన కంచం పక్కకు జరిపాడు. "అయితే ఈ కేసు నేను వినకూడదు."

"ఏమప్పా, నీకేమన్నా పిచ్చా?" వంటింట్లోంచి వచ్చింది భార్య షరీఫాబీ. "మాట ఈ గోడలు దాటలేదు. అందరి ముందర కుర్చీ దిగితే పరువేం గావాల?"

"రేటు పెంచొద్దులే నాయనా," అన్నాడు కొడుకు బాషా. "అప్పుడెవరేమంటారు?"

"పెంచితే వియ్యంకుని కోసమంటారు. పెంచకపోతే, మంచిపేరు కోసం కంపెనీకి అన్యాయం చేసినానేమోనని నాకే అనుమానం. రెండూ వద్దు."

ఆరీఫా కళ్ళు నిండాయి. "నా నోరే ముంచింది మామా."

"తీర్పు చెప్పినాక తెలిసింటే మునిగిండేవాణ్ణి. నీ నోరే కాపాడినాది. కళ్ళు తుడుచుకో, నాతో రా."

హాలు రైతులతో, వ్యాపారులతో నిండి ఉంది. వేదిక మీద షావలి లేచి నిలబడ్డాడు. "ఈ కంపెనీకి భూమి కౌలుకిచ్చినోళ్ళలో మా వియ్యంకుడు ఉండాడు. రేటు పెరిగితే ఆయనకు లాభం. ఈ కేసు మిగతా సభ్యులు వింటారు."

"ఈ ముక్క ఇన్నాళ్ళు యాడ పెట్టినావన్నా?" వెనకనుంచి ఎవరో అరిచారు.

"ఈ పొద్దు మా కోడలు ఉగ్గాని పెడితే తెలిసినాది!"

హాలంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వుల మధ్యే ఆయన మెట్లు దిగాడు. వెనక వరసలో కూర్చున్న ఆరీఫాకు ఎక్కినప్పటికన్నా దిగినప్పుడే మామ పొడుగ్గా కనిపించాడు.

వాళ్ళకన్నా ముందే కబురు ఇల్లు చేరింది. పక్కింటి నాగలక్ష్మమ్మ గేటు దగ్గరే కాచుకుని ఉంది. "ఏం షరీఫక్కా, అన్న కుర్చీ దిగినాడంట?"

మామాకోడళ్ళకు ఎదురొచ్చిన షరీఫాబీ కొంగు బిగించింది.

"దిగినాడు. తమంతట తామే దిగినోళ్ళను ఎంతమందిని చూసినావే నువ్వు?"

లోపల కొత్తగా కలిపిన ఉగ్గాని పొగలు కక్కుతోంది. "పొద్దున సగం వదిలేసినావు, తిను," అంది షరీఫాబీ, భర్త మొహం చూడకుండా.

షావలి మొదటి ముద్ద తీసుకున్నాడు. "కోడలా, ఆదివారం మీ నాయన ఇంటికి పోదాం. ఇంక కేసు లేదు గదా, భయం లేకుండా బిర్యానీ తింటా."

నవ్వబోయి ఏడ్చేసింది ఆరీఫా. షరీఫాబీ ఆమెను కూర్చోబెట్టి, కంచంలో పెద్ద బజ్జీ వేసింది.