కాపలా మారని వంతెన

చీకటి పడ్డాక యుద్ధంనాటి ఆ వంతెన మీద ఎవరూ బండి ఆపరు. ఆపితే అవతలి కాపలా గదిలోంచి ఒక గొంతు అడుగుతుందట— "ఎవరక్కడ?" అని. లారీవాళ్ళు జవాబు చెప్పరు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గేరు మారుస్తారు, అంతే.

నేను ఆపాను. మరి నేనెవర్ని? ఏనుగుల గుంపు అడ్డొస్తే హారన్ కొట్టకుండా కళ్ళతోనే పక్కకి తప్పించినవాణ్ణి. ఒక తుఫానైతే నా టాక్సీని దాటలేక సిగ్గుపడి వెనక్కి మళ్ళింది.

ఆ రోజు నా బండిలో ఒక ముసలావిడ. బట్టలు కుట్టుకుని బతికిన ఒంటరి మనిషి. ఆవిడ నెలల పిల్లగా ఉన్నప్పుడు తండ్రి యుద్ధానికెళ్ళాడు, తిరిగి రాలేదు. పోయాడని సైన్యం చెప్పలేదు. పారిపోయాడని వీధి చెప్పింది. 'పిరికివాడి కూతురు' అన్న మాట మోస్తూనే ఆవిడ జుట్టు నెరిసింది. ఆయన్ని చివరిసారి ఈ వంతెన దగ్గరే చూశానని ఓ పాత సిపాయి చెబితే, ఉన్నపళాన బయల్దేరింది.

"దిగొద్దు మామ్మగారూ. నాకు భయం లేదు, బండి బెదురుతుంది," అన్నాను.

"అయితే బండిని పట్టుకుని ఉండు బాబూ. నేను చూసొస్తాను."

కర్ర టకటకమంటూ దూరమైంది. కింద ఏటి చప్పుడు కూడా ఆగినట్టుంది...

"ఎవరక్కడ?"

పడుచు గొంతు. నేను స్టీరింగు కిందికి వంగాను— తాళంచెవి పడిందిలెండి.

"నేను... నీ కూతుర్ని నాయనా."

 గదిలోంచి చిన్న నవ్వు.

"నా కూతురికింకా పళ్ళే రాలేదు మామ్మగారూ."

"వచ్చాయి నాయనా. వచ్చి, ఊడిపోయాయి కూడా."

అతను నమ్మలేదు. ముసలివాళ్ళు కుర్రాళ్ళని 'నాయనా' అంటూనే ఉంటారు కదా... అదే అనుకున్నట్టున్నాడు.

"చీకట్లో ఎందుకొచ్చారు? ఇంటికెళ్ళండి."

"నువ్వెందుకు వెళ్ళలేదు?"

"అందరూ వెళ్ళిపోయారండీ. నా బదులు మనిషి రాలేదు. కాపలా వదిలేసి ఎలా వెళ్తాను?"

ఆవిడ నవ్విందో, ఏడ్చిందో... ఇన్నేళ్ళూ వీధికి చెప్పలేకపోయిన జవాబది.

"బదులు నేనొచ్చానుగా. ఇక కాపలా దిగు నాయనా."

మళ్ళీ కర్ర టకటక. దాని పక్కనే... బూట్లు.

వెనక తలుపు తెరుచుకుంది. బండి కాస్త కుంగింది— రెండుసార్లు. తలుపు మూసుకుంది.

నేను వెనక్కి చూళ్ళేదు. ధైర్యం లేక కాదు, మలుపుల రోడ్డది. గాలి నా వెనక రొప్పుతూ పరిగెత్తింది, అంత వేగంగా తోలాను.

ఆవిడ ఇంటిముందు ఆపి, దిగి, తలుపు తీశాను. సీటంతా ఖాళీ. ఆవిడ మాత్రం ఓ మూలకి ఒదిగి కూర్చుంది... చేత్తో ఒళ్ళో దేన్నో నిమురుతోంది.

"ఇల్లొచ్చింది మామ్మగారూ, దిగండి."

ఆవిడ పెదవుల మీద వేలుంచుకుంది.

"మెల్లగా బాబూ. నాయనకి ఇప్పుడే నిద్రపట్టింది."