మూత తీస్తే డీజిల్ వాసన

“సీసా ఈ రోజే దేశం దాటుతుంది. అమ్ముతున్నది ఆవిడే. నువ్వు ఊఁ అంటే అరెస్ట్,” అన్నాడు చీఫ్.

గూఢచారి ఊఁ అనలేదు. కాదని కూడా అనలేదు. చీఫ్‌కి అంతే చాలు.

ఆవిడంటే ల్యాబ్‌లో అందరికీ అక్క. చెట్టు బెరడు మీద దొరికిన బూజుని ఏళ్ల తరబడి సాకుతోంది. గాలి తగ్గిస్తే చాలు, ఆ బూజు తనంతట తానే డీజిల్‌లాంటి ఆవిరి వదులుతుంది. అసలు సీసా ఒక్కటే ఉంది. దాని మీద ఓ విదేశీ ముఠా కన్నుపడింది. అందుకే గూఢచారి, చొక్కా బొత్తాంలో కెమెరాతో, సీసాలు కడిగే పనివాడిగా చేరాడు.

“తినరా తమ్ముడూ, పుల్లలా ఉన్నావు!” అంటూ అక్క రోజూ తన టిఫిన్ డబ్బాలో సగం అతనికి పెట్టేది. తింటూనే ఆమె ఫోటోలు తీశాడు, సిగ్గులేని వెధవ.

అక్క మీద చాడీ మోసింది మేడమ్. ముఠాలో ఉంటూ మనకి కబుర్లందించే డబుల్ ఏజెంట్. నల్లకళ్లద్దాలు, ఎర్రటి పెదాలు, మల్లెపూల సెంటు. విజిటర్‌గా వస్తే సెక్యూరిటీ మొత్తం నిలబడేది.

ముందు గేటు దగ్గర అక్కని జీపెక్కించారు.

“తమ్ముడూ, నా బూజు జాగ్రత్తరా. పొద్దుటి నుంచి వాసన చూడలేదు.”

అతను తలెత్తలేకపోయాడు. లోపలికెళ్లి, అక్క చేసినట్టే మూత వదులు చేసి వాసన చూశాడు. బూజు బతికుందో లేదో ఆ ల్యాబ్‌లో ముక్కే చెప్పాలి. అందుకే అక్కడ సెంటు కాదు కదా, వాసన సబ్బు కూడా నిషేధం.

సీసాలో డీజిల్ వాసన లేదు. మూత మీద మల్లెపూల సెంటు!

అందరూ ముందు గేటు దగ్గరే ఉన్నారు. అతను వెనక గేటు వైపు పరిగెత్తాడు. మేడమ్ కారు స్టార్టయింది. తలుపు లాగాడు. ఆమె ఒళ్లో అసలు సీసా, చేతిలో లిప్‌స్టిక్.

“ఇందులో ఉన్నది యాసిడ్. మాకు దక్కనిది మీకూ దక్కదు!”

సీసా మూత ఊడింది. లిప్‌స్టిక్ గొట్టం దాని మీదికి వంగింది. చివరి క్షణంలో సీసా మూతికి అతను అరచెయ్యి అడ్డం పెట్టాడు. చర్మం చుర్రుమంది. నొప్పి కంటే ముందు, ఇది నాకు కావలసిందే అనిపించింది.

సాయంత్రానికి, అతనెవరో చెప్పి మరీ అక్కని వదిలేశారు. వచ్చీ రాగానే సీసా వాసన చూసి ఊపిరి పీల్చుకుంది. అతని చేతి కట్టు చాలాసేపు చూసింది.

“తిట్టక్కా,” అన్నాడు.

“మిమ్మల్నా? గూఢచారులు ఎంతమందైనా వస్తారు లెండి. సీసాలు అంత శుభ్రంగా కడిగే తమ్ముణ్ణి మాత్రం పోగొట్టుకున్నాను.”