ఎదుటివాళ్ళ ఎడమ

పళ్ళ డాక్టరు శవం విమానం సీట్లోనే దొరికింది. కుడిచెయ్యి కంట్రోల్ స్టిక్‌ని ఇంకా పట్టుకునే ఉంది. స్టిక్ ఒక పక్కకి ఒరిగి బిగుసుకుపోయింది. ఇద్దరు కానిస్టేబుళ్ళు కలిసి లాగినా కదల్లేదు.

విడిభాగాలుగా పెట్టెల్లో వచ్చిన కిట్ విమానం అది. డాక్టరూ, ఆయన భార్యా, ఆవిడ తమ్ముడు లెక్కల మాస్టారూ ఆరేళ్ళు షెడ్డులో చెమటోడ్చి బిగించుకున్నారు. నేల వదిలిన కాసేపటికే ఒక పక్కకి వాలి, రన్‌వే అవతల కూలింది.

శకలాలను షెడ్డుకి చేర్పించి ఇన్‌స్పెక్టర్ రెక్క విప్పించాడు. రెక్క వెనక అంచున పైకీ కిందికీ కదిలే పలక ఒకటి ఉంటుంది. అది హద్దు దాటకుండా లోపల ఒక ఇనప స్టాప్ ఆపుతుంది. ఆ స్టాప్‌ని ఎవరో కొత్తగా, సగానికి సగం అరగదీశారు. పలక హద్దు దాటింది. దాన్ని కదిపే లోపలి లివర్ మడతపడి ఇరుక్కుంది.

ప్రమాదం కాదు, హత్య అన్నారు పైఆఫీసర్లు. ముందురోజు సాయంత్రం బావాబావమరుదులు గొంతులు చించుకుని పోట్లాడుకున్నారని వీధంతా సాక్ష్యం చెప్పింది. తీరా అరెస్టు చేయబోతే మాస్టారు తనే చేతులు చాపాడు.

"నేనే చేశాను సార్."

అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఇన్‌స్పెక్టర్‌కి నమ్మబుద్ధి కాలేదు. నేరం ఒప్పించడం ఆయనకి కొట్టినపిండి. నెత్తినేసుకున్నవాడి చేత దించించడం ఏ ట్రైనింగులోనూ నేర్పలేదు. సాయంత్రం నాలుగింటికి కోర్టు. ఆ తర్వాత వీడు జైల్లో, కేసు ఇంకొకరి బల్ల మీద.

"దేంతో అరగదీశారు?"

"ఆకురాయితో."

"బల్లపరుపుదా, గుండ్రందా?"

"బల్లపరుపుది."

"షెడ్డు తాళం ఎలా తీశారు?"

"గుర్తులేదు సార్."

"సరే. గొడవెందుకు?"

"పలక కదిలే దూరం, అదే ట్రావెల్, కుదర్లేదు సార్. పలక పైకి ఎక్కువ, కిందికి తక్కువ కదలాలి. మాకు తిరగబడి వచ్చింది. రాడ్లు మార్చాం, కొలిచే మీటరు మార్చాం. పిల్లిని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికాం. లోపల ఏదో తప్పుంది, తేలేదాకా ఎగరొద్దన్నాను. బావ వినలేదు."

"పిల్లి దొరికిందా చివరికి?"

మాస్టారు చూపు పక్కకి తిప్పి "లేదు" అన్నాడు. లెక్కలు చెప్పేవాళ్ళకి అబద్ధం చెప్పడం బొత్తిగా చేతకాదు.

డాక్టరుగారింట్లో భార్య గోడకి జారగిలబడి కూర్చుని ఉంది.

"వాణ్ణి ఉరి తీయించండి సార్. చంటివాడప్పుడు ఈ చేతులతోనే ఎత్తుకు తిప్పాను. వాడి మొహం మళ్ళీ నాకు చూపించకండి."

"షెడ్డు తాళంచెవి కావాలమ్మా."

"అదిగో, ఆ బీరువా ఎడమ సొరుగులో."

ఎడమ సొరుగు ఖాళీ. తాళంచెవి కుడిదాంట్లో దొరికింది. దుఃఖంలో ఉంది పాపం అనుకుని వెళ్ళిపోయాడు.

షెడ్డులో భూతద్దం పట్టుకుని స్టాప్ ముందు కూర్చున్నాడు. బల్లపరుపు ఆకురాయి నున్నగా గీస్తుంది. ఇక్కడ అన్నీ సన్నని గుండ్రటి గాడులు. పక్క బల్ల మీద డాక్టరుగారి పాత డ్రిల్లు ఉంది. పిప్పిపళ్ళు తొలిచే ముల్లు దాంట్లోనే ఉంది. ముల్లుకి ఇనప రజను అంటుకుని ఉంది.

అయితే డాక్టరే అరగదీసుకున్నాడు! తగ్గిన ట్రావెల్‌ని అలా రాబట్టబోయాడు.

అసలు ట్రావెల్ ఎందుకు తిరగబడింది? ఇన్‌స్పెక్టర్ టార్చి వేసి రెండు రెక్కల్లోకీ చూశాడు. కుడిరెక్కలో ఉన్న లివర్ మీద ఎడమది అని గుర్తు. ఎడమ రెక్కలో కుడిది. బిగించాక ఆ గుర్తులు లోపలే ఉండిపోయాయి. ఎవరి కంటా పడలేదు.

బిగించే కంతలో ఇన్‌స్పెక్టర్ పిడికిలి పట్టలేదు. మాస్టారిదీ, డాక్టరుదీ ఇంకా పెద్ద చేతులు.

ముగ్గురిలో మిగిలింది ఆవిడే. గడియారం మూడు దాటింది.

మాస్టారిని బేడీలతో షెడ్డుకి తెప్పించాడు. వాళ్ళక్కనీ పిలిపించాడు. ఆవిడ తమ్ముడి వైపు చూడనైనా లేదు.

"లివర్లు ఎవరు బిగించారమ్మా?"

"నేనే. మగవాళ్ళ చేతులు అందులో పట్టవు. ఇది ఎడమది, ఇది కుడిది అని ఆయన నా చేతికిచ్చి క్లినిక్కి వెళ్ళారు."

"సార్, వద్దు" అన్నాడు మాస్టారు.

"ఎక్కడ నిలబడి బిగించారు?"

ఆవిడ వెళ్ళి విమానం వెనకాల నిలబడింది.

"ఎడమది ఎక్కడ పెట్టారు?"

"ఇక్కడ." కుడిరెక్క మీద చెయ్యి వేసింది. "పదేళ్ళు క్లినిక్‌లో ఆయన పక్కన పనిచేశాను. ఎడమంటే మన ఎడమ కాదు, ఎదుటివాళ్ళ ఎడమ. ఆయన నేర్పిన మొదటి పాఠం అది."

"సార్, ఆపండి! నేనే చేశానన్నానుగా!"

ఇన్‌స్పెక్టర్ మాస్టారి బేడీలకేసి చూశాడు. చెప్పకపోతే వీడు జైలుకి పోతాడు. చెబితే ఈవిడ ఏమవుతుందో తెలియదు.

"అమ్మా, పేషెంటు మీకు ఎదురుగా కూర్చుంటాడు. విమానం మీకు వీపు పెట్టి నిలబడింది. దాని ఎడమా మీ ఎడమా ఒకటే. పొద్దున సొరుగు విషయంలోనూ మీరిలాగే పొరబడ్డారు. నాకప్పుడు తట్టలేదు. లివర్లు తారుమారయ్యాయి. అంతమాత్రాన ఆయన పోలేదు. తమ్ముడు వద్దన్నా స్టాప్‌ని తనే అరగదీసుకుని ఎగిరారు."

ఆవిడ సీటు వైపు చూసింది. అది తనలాగే ముందుకి తిరిగి ఉంది. రెక్క మీదనుంచి చెయ్యి జారిపోయింది.

"నీకు తెలుసా?" అని తమ్ముణ్ణి అడిగింది.

"రాత్రంతా కాగితం మీద లెక్కేశానక్కా. తెల్లారేసరికి తేలింది. పరిగెత్తుకొచ్చేసరికి బావ నేల వదిలేశాడు."

"శవం దగ్గర అందరి ముందూ నిన్ను కొట్టాను. ఒక్కమాటన్నా అన్లేదేంరా?"

"నన్ను తిట్టుకుంటూనైనా బతుకుతావనుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ బేడీలు విప్పి, అటు తిరిగి నిలబడ్డాడు. వెనకనుంచి ఏడుపు వినపడింది. అది ఒక్కరిది కాదు.

చివరికి అక్క గొంతు వినిపించింది.

"ఇంటికి రారా. ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేను."