శీతల ప్యాచ్‌కు రెండో సంతకం

"సాయంత్రం నాలుగింటికి ప్యాచ్ వెళ్ళాలమ్మా. నువ్వు సంతకం పెడితే వెళుతుంది, లేకపోతే ఆగుతుంది," అన్నాడు చీఫ్ ఖాదర్ వలి ఫోన్‌లో. "తాలు ఏరావా?"

తాలు అంటే ద్రోహి. అది వాళ్ళ కోడ్.

"ఇంకా లేదు సార్," అంది ఏజెంట్ హెలెన్.

2007 ఏప్రిల్ నెలాఖరు. గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలను నడిపే ప్రోగ్రామ్ పేరు 'శీతల'. ఓపెన్ సోర్స్. కోడ్ ఎవరైనా చదవవచ్చు, మార్పు, అంటే ప్యాచ్, ఎవరైనా పంపవచ్చు. కానీ ఇద్దరు పరీక్షించి సంతకం పెడితేనే ఆ మార్పు ప్రోగ్రామ్‌లో కలిసి అన్ని కోల్డ్ స్టోరేజీలకూ చేరుతుంది. మన మిర్చిని పాడుచేసి విదేశీ మార్కెట్ కొట్టెయ్యాలని చూస్తున్న ముఠా, శీతల బృందంలో ఒకరిని తిప్పుకుందని కబురు.

ఆ మనిషి జాడ కోసం హెలెన్ మూడు రోజులు పర్చూరు షెడ్డులో ముతక చీర కట్టుకుని, కూలీగా మిరపకాయల తొడిమలు తీసింది. దక్కింది వేళ్ళ మంట. కొబ్బరినూనె రాసినా తగ్గలేదు. కీబోర్డ్ ముట్టుకుంటే సూదులు గుచ్చినట్టుంది.

హెలెన్ పైకి ఆ బృందంలో ప్రోగ్రామరే. మంగళగిరి ఆఫీసులో ఆమె పక్కన శ్రీరమ్య కూర్చుంది. జరీ అంచు చీర, నీలి కాంటాక్ట్ లెన్సులు. ఆమె నడిచొస్తే ఆఫీసంతా పని ఆపుతుంది. ఆమెకు కోడ్ రాయడం నేర్పింది హెలెనే. ఈ ప్యాచ్ రాసిందీ, దాని మీద మొదటి సంతకం పెట్టిందీ ఆమే.

"కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కంప్రెసర్ ఆగిపోతోందక్కా. ఇది పడకపోతే సరుకు దక్కదు. పెట్టెయ్."

ఆ మాట నిజమే. ఆపినా నష్టమే. రెండు వందల పన్నెండు లైన్లూ హెలెన్ రెండుసార్లు చదివింది. తప్పు కనబడలేదు.

"టెస్ట్ చేశావా?"

"పొద్దున గుంటూరులో. ఇరవై టిక్కీల్లో, ప్రతి బస్తా కాయల్లోకీ చెయ్యి దూర్చి సెన్సర్లు నేనే పెట్టా."

"గ్లవుజులు?"

"ఎక్కడివక్కా? ఒట్టి చేత్తోనే."

మూడు యాభై ఎనిమిది. సంతకం టైప్ చేసి హెలెన్ ఎంటర్ మీద వేలు పెట్టింది. శ్రీరమ్య చిన్న అద్దం తీసి, జారిన లెన్సును చూపుడువేలితో తాపీగా సర్దుకుంది. కంట్లో నీటిచుక్క లేదు.

హెలెన్ వేలు పైకి లేచింది.

"నీకు కన్ను మండలేదేమే?"

శ్రీరమ్య తన వేళ్ళవంక చూసుకుంది. "సబ్బుతో కడుక్కున్నానక్కా."

"నేను మూడు రోజులుగా కడుగుతున్నా."

శ్రీరమ్య చెయ్యి ఎంటర్ మీదికి దూకింది. అది నొక్కేలోగా హెలెన్ నెట్ కేబుల్ పీకేసింది.

"ఎందుకే?"

శ్రీరమ్య తల దించుకుంది. ఖాదర్ వలి మనుషులు వచ్చి తీసుకెళ్ళేటప్పుడు కూడా తలెత్తలేదు.

రాత్రికి ల్యాబ్ తేల్చింది. మిర్చి యార్డుకు వేసవి సెలవులిచ్చి, మనుషులు పల్చబడే రోజు నుంచి కూలింగ్ ఆపేసి, తెర మీద మాత్రం ఐదు డిగ్రీలు చూపించే కోడ్ అందులో ఉంది. హెలెన్ రెండుసార్లు చదివి వదిలేసిన లైన్లలోనే. ఆ పొందిక, ఆ పొదుపు, అంతా తను నేర్పినదే.

కంప్రెసర్ సంగతి తొమ్మిది లైన్లలో తనే సరిచేసి, పరీక్షకు పంపింది. ఆ పైన శ్రీరమ్య ప్యాచ్ తెరిచింది. తిరస్కరిస్తే కారణం అందరూ చదివేలా రాయడం శీతల బృందం ఆనవాయితీ. మండే వేళ్ళతో ఒక్కో అక్షరమే కొట్టింది.

"పరీక్షించినవారి కళ్ళు మరీ ఆరోగ్యంగా ఉన్నాయి."