చార్టులో ఆఖరి లైను

ఆ అమ్మాయి కుర్చీలో కూర్చుని, ఎడమ కన్ను మూసుకుని, చార్టులో ఆఖరి లైను కూడా గడగడా చదివేసింది. అది మా కళ్లజోళ్ల షాపు కంప్యూటర్ పాస్‌వర్డ్.

మర్చిపోతానని నేనే అతి చిన్న అక్షరాల్లో రాసి అక్కడ అంటించాను. అంత చూపున్నవాళ్లు మా షాపుకెందుకు వస్తారని నా ధీమా.

"పాస్‌వర్డ్ కదూ? వచ్చినవాళ్లందరితో చదివిస్తున్నారా?" అంది.

కంపెనీల కంప్యూటర్లలో ఇలాంటి నిర్వాకాలు పట్టుకోవడమే ఆమె ఉద్యోగమట. రోజంతా స్క్రీన్ చూసి తలనొప్పి వస్తోందని కళ్లజోడు కోసం వచ్చింది. అది తయారయ్యేలోపు నాలుగుసార్లు వచ్చి, పాస్‌వర్డ్‌లన్నీ భద్రంగా దాచే యాప్ ఒకటి నాతో పెట్టించింది. ఉచితమని కనబడ్డదల్లా దించుకోవద్దంది. ఎవరు తయారుచేశారో, బయటి నిపుణులతో పరీక్ష చేయించారో లేదో చూడమంది. ఇక గుర్తుంచుకోవాల్సింది ఆ యాప్ తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ ఒక్కటే, పొంతనలేని నాలుగైదు మాటలు కలిపితే చాలంది.

నేను దాన్ని టైప్ చేస్తుంటే అటు తిరిగి గోడకున్న ఫ్రేములు చూస్తూ నిలబడింది. ఎంత పద్ధతైన మనిషి! ముందు గౌరవం కలిగింది, మిగతాది దాని వెనకే వచ్చింది.

చివరికి కళ్లజోడు సిద్ధమైంది. ఇచ్చేస్తే ఆమె మళ్లీ రావడానికి కారణం ఉండదు. స్క్రూలు బిగించే నెపంతో పావుగంట గడిపాను.

ఇంకొకటి మిగిలిందని ఆమే అంది. నాకేదైనా అయితే నా పాస్‌వర్డ్‌లు తెరవడానికి ఒక మనిషిని పెట్టుకోవాలట. వాళ్లు అడిగితే కాదనడానికి నాకెన్ని రోజుల గడువు కావాలో కూడా నేనే చెప్పాలట. ఆలోపు నేను కాదనకపోతే అన్నీ వాళ్లకి తెరుచుకుంటాయట.

"పూర్తిగా నమ్మేవాళ్లని పెట్టండి. మీ అమ్మగారినా?"

మా అమ్మకు తెలిస్తే సాయంత్రానికల్లా పిన్నికి తెలుస్తుంది. రసీదులో ఉన్న ఆమె ఈమెయిల్ చూసి ఎక్కించాను. గడువు ఒక్కరోజు.

బయట వాన మొదలైంది. ఆమె ఫోన్ మోగింది. కొత్త కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"ఇది సరదాకి పెట్టేది కాదండీ."

"తెలుసు. మీరంటే నాకిష్టం. అందుకే పెట్టాను."

ఆమె ఫోన్లో ఏదో నొక్కుతూ కూర్చుంది. నా పని అయిపోయిందనుకున్నాను. అంతలో నా ఫోన్ మోగింది. తన పాస్‌వర్డ్‌లకు నమ్మకమైన మనిషిగా నన్ను పెట్టింది. గడువు మాత్రం ఏడు రోజులు.

ఏడెందుకని అడిగాను.

"ఈలోపు ఆ చార్టు మార్చండి. వచ్చే వారం మా నాన్నని కళ్ల పరీక్షకి తీసుకొస్తా," అంది గొడుగు విప్పుతూ. "ఆయన చూపుకేం లోటు లేదు. మిమ్మల్ని చూస్తారని."