ఎర్ర రబ్బరు

గోవిందయ్య శవాన్ని ట్రైలర్ కింద నుంచి లాగినప్పుడు అతని కుడి పిడికిలి బిగుసుకునే ఉంది. పోలీసు డాక్టరు ఒక్కో వేలూ విప్పాడు. లోపల ఎర్ర రబ్బరు ముక్క. వేలితో నొక్కితే పిండిలా రాలింది.

"యాక్సిడెంట్ కాదు. ఆగి ఉన్న బండి కింద పడి చచ్చేంత కొత్త ఏజెంటు కాదు అతను," అన్నాడు చీఫ్.

జయచంద్రకు ఈ గూఢచారి పని నేర్పింది గోవిందయ్యే.

తిరుపతిలో ఒక లాడ్జి గదిలో బ్రీఫింగ్. అది 1998. చీఫ్ మంచం మీద మ్యాపు పరిచాడు.

"బెంగళూరు నుంచి తీరంలోని రాకెట్ కేంద్రానికి ట్రైలర్ మీద ఇంధనం వస్తుంది. పలమనేరు దాటాక మొగిలి ఘాట్. ఆ దిగుడులో బ్రేకు పోతే బండి మిగలదు. కింద ఊరూ మిగలదు. హార్బర్ గురి అదే."

హార్బర్ అంటే ఒక విదేశీ ముఠాకు డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు.

"ఈ రబ్బరు?"

"ట్రైలర్ బ్రేకు వాల్వులోది. ఆ వాల్వుల్లో లోపముందని కెల్వార్ కంపెనీ సేఫ్టీ రీకాల్ ప్రకటించింది. రేణిగుంట రోడ్డులో క్యాంపు పెట్టి పాతవి తీసి కొత్తవి ఉచితంగా బిగిస్తోంది. గోవిందయ్య చచ్చింది ఆ క్యాంపులోనే. పాత వాల్వు విప్పి చూసి ఉంటాడు, చంపేశారు. రీకాల్‌కు రాని బండ్ల మీదే హార్బర్ ఆశ పెట్టుకుందని మన మనిషి కబురు పంపింది. అందుకే మన బండిని క్యాంపుకు పంపుతున్నాను."

"మన మనిషి ఎవరు?"

"భానుశ్రీ. డబుల్ ఏజెంట్. క్యాంపులో ఇంజనీరుగా ఉంది. హార్బర్ ఆమెను తన మనిషే అనుకుంటోంది. ఆమెకు నువ్వు కాపలా. కోడ్: గూడూరు నిమ్మకాయలున్నాయా? జవాబు: పచ్చివే ఉన్నాయి."

తిరుపతిలో ఎవరూ రెండోసారి చూడని వేషం ఒకటుంది. గుండు. జయచంద్ర కొండెక్కి కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చాడు. భార్య వనజాక్షి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇదే జుట్టు మొక్కుకున్నాడు. ఆమె దక్కలేదు. అప్పటి నుంచి ఆ కొండ ఎక్కలేదు. ఇప్పుడు ఎక్కింది ప్రభుత్వ పని మీద.

క్యాంపులో ఊడ్చే పని దొరికింది. చీపురు కర్రలో కెమెరా, చేతి గడియారంలో వైర్‌లెస్. భానుశ్రీకి నల్ల కళ్లద్దాలు, నీలం సిల్కు చీర, గ్రీజు మరక లేని గోళ్లు. చీపురు ఆమె కాళ్ల దగ్గరికి వచ్చినప్పుడు జయచంద్ర తల ఎత్తకుండా అడిగాడు.

"గూడూరు నిమ్మకాయలున్నాయా?"

"పచ్చివే ఉన్నాయి," అంది ఆమె. ఆ నవ్వు చాలా అందంగా ఉంది. జయచంద్రకు నచ్చలేదు.

డిపార్ట్‌మెంట్ ట్రైలర్ వచ్చింది. డ్రైవరు మునెయ్యది వడమాలపేట. కొత్త వాల్వు బిగించేదాకా బుద్ధిగా బీడీ కాల్చుకున్నాడు. తర్వాత లేచాడు.

"మేడం, పాత సామాను ఇచ్చేయండి, పోతాను."

"ఇవ్వం. కంపెనీ రూలు. ఇక్కడే పగలగొట్టాలి."

"అదేం రూలు? మా పక్క ఏ మెకానిక్కు కాడికి పోయినా కొత్తది ఏసి పాతది చేతిలో పెడతాడు. ఇయ్యనోణ్ణి దొంగ అంటాము."

"లోపమున్న వాల్వుతో ఏం చేసుకుంటావు?"

"ఏమన్నా చేసుకుంటా. పొయ్యి కాడ పెట్టుకుంటా. నీకేం పోయింది?"

కూలీలు నవ్వారు. భానుశ్రీ నవ్వలేదు. సమ్మెట తెమ్మంది. ఆమె అటు తిరిగిన క్షణంలో మునెయ్య ఇనుప కుప్పలోంచి వేరే వాల్వు తీసి దాగలి దిమ్మ మీద పెట్టి, తనది తువ్వాల్లో చుట్టి చంకలో ఇరికించాడు. చూసింది జయచంద్ర ఒక్కడే.

"సామీ, నువ్వేం సూడలేదు."

"నేను వెంకన్నను తప్ప ఎవరినీ చూడలేదప్పా."

ఆ పనికి జయచంద్ర లోపల నవ్వుకుని ఊరుకున్నాడు. ఊరుకోకూడదని తెలిసింది తర్వాత.

ఇంధనం వచ్చే రోజు అతని డ్యూటీ ఘాట్ కింద బంగారుపాళెంలో. రోడ్డు పక్క బ్రేకుల షాపు ముందు, తీగకు వేలాడుతూ కెల్వార్ వాల్వు కనిపించింది. షాపు ధర్మేంద్ర అనే మెకానిక్కుది.

"ఇది ఎవరిదప్పా?"

"మా బావ మునెయ్యది. అమ్మిపెట్టమన్నాడు. మంచి పీసు సామీ."

"లోపముందన్నారే?"

"యాడుండాది లోపం? ఇప్పుతా సూడు."

విప్పాడు. లోపలి రబ్బరు నల్లగా ఉంది. జయచంద్ర బొటనవేలితో నొక్కాడు. రబ్బరు అణిగి మళ్లీ లేచింది.

"అన్నిట్లోనూ నల్లదేనా?"

"నేను ఇప్పినవన్నీ నల్లవే. ఇంకే రంగు ఉంటాది?"

జయచంద్రకు అప్పుడు అర్థమైంది. గోవిందయ్య విప్పింది పాత వాల్వు కాదు, ఒకసారి వేడెక్కిన కొత్తది. రీకాల్‌కు రాని బండ్లకు ఏ భయమూ లేదు. చావు బిగించుకుని పోయింది వచ్చినవాళ్లు. బ్రేకు వేడెక్కితే ఆ ఎర్ర రబ్బరు పిండి అవుతుంది. అసలు రీకాలే హార్బర్ ఎత్తు.

గడియారం నోటి దగ్గర పెట్టుకున్నాడు. "చీఫ్, బండి ఆపించండి. ఘాట్ దిగకూడదు."

"కాన్వాయ్ వైర్‌లెస్ ముందు నడిచే పైలట్ జీపులో ఉంది. పిలుస్తున్నా పలకడం లేదు."

"జీపులో ఎవరున్నారు?"

"భానుశ్రీ."

ధర్మేంద్ర హెల్మెట్, ధర్మేంద్ర రాజ్‌దూత్ మోటార్ సైకిల్. అడగకుండానే తీసుకున్నాడు.

ఇంధనం ట్రైలర్ ఈపాటికి సగం దిగి ఉండాలి. ఘాట్ మొదట్లోనే నిలిచి ఉంది. నిమ్మకాయ తొక్కించకుండా ఆ దారిలో ఏ డ్రైవరూ దిగడు. మామూలుగా ముందు చక్రాలకు రెండు చాలు. ఇంత సరుకు ఎన్నడూ మోయని మునెయ్య ఆ రోజు ట్రైలర్ చక్రాలన్నిటికీ ఒక్కొక్కటే పెట్టుకుంటూ వచ్చాడు. కర్పూరం వెలిగించాడు. అప్పుడు గేరు వేశాడు.

పైలట్ జీపు మొదటి మలుపు దగ్గర పక్కకు ఆగి ఉంది. దాని డ్రైవరు స్టీరింగ్ మీద తల వాల్చాడు. చొక్కా అంతా రక్తం. మోటార్ సైకిల్ చప్పుడుకు భానుశ్రీ రోడ్డు మధ్యకు వచ్చింది. వెనక ట్రైలర్ నెమ్మదిగా దిగుతోంది.

జయచంద్ర బండి ఆపాడు. "గూడూరు నిమ్మకాయలున్నాయా?"

"అయిపోయాయి," అని ఆమె కాల్చింది.

తూటా ఎడమ భుజంలో దిగింది. జయచంద్ర పడుతూనే హెల్మెట్ లాగి పారేశాడు. బోడితల ఎండకు మెరిసింది. పైనుంచి మునెయ్య క్యాంపు సామిని గుర్తుపట్టాడు. మేడం చేతిలో తుపాకీ చూశాడు. రెండు కాళ్లూ బ్రేకు మీద మోపాడు.

మూడో మలుపు దాకా ఆ రబ్బరు ఆగుతుందని భానుశ్రీ లెక్క. అది వేడికి వేసిన లెక్క. భయపడిన మనిషి బరువు అందులో లేదు. వాల్వు బుస్సుమంది. బ్రేకులు పట్టే గాలంతా పోయింది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. పక్కకు దూకింది కూడా. చాలలేదు.

మునెయ్య స్టీరింగ్ కొండ వైపు తిప్పేశాడు. ఇనుము బండరాళ్లను గీరుకుంటూ వచ్చింది. వేగం తగ్గింది, ట్రైలర్ తోక మాత్రం లోయ వైపు జారుతోంది. జయచంద్ర ఒంటి చేత్తో రాయి దొర్లించి చక్రం కింద తోశాడు. రాయి పగిలింది. ఇంకోటి తోశాడు. అది నిలిచింది. బండీ నిలిచింది.

వెనక చక్రం ఒకటి గాలిలో తిరుగుతోంది. కింద ఊళ్లో ఎవరో మిద్దె మీద చీర ఆరేస్తున్నారు.

మునెయ్య దిగాడు. రోడ్డు మీదే కూర్చున్నాడు. నీలం చీర వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు.

"నువ్వు సామివి కాదు గదా?"

"కాదు."

"గుండన్నా నిజమేనా?"

"అదొక్కటే నిజం."

క్యాంపుకు వచ్చిన మిగతా బండ్లు ఇంకా రోడ్ల మీదే తిరుగుతున్నాయి. డిపార్ట్‌మెంట్ ఈసారి నిజమైన రీకాల్ పెట్టింది. ఒక్క డ్రైవరూ రాలేదు. మునెయ్య లారీల అడ్డా దగ్గర నిలబడి, తీసిన సామాను చేతికిస్తారని మాట ఇచ్చాక అందరూ వచ్చారు. ఎర్ర రబ్బరు వాల్వులన్నీ ఊడాయి.

చీఫ్ ఆసుపత్రికి ఫోన్ చేశాడు. "గోవిందయ్య చేతిలోది పొడి అయిపోయింది. కోర్టుకు సాక్ష్యం కావాలి. ఊడదీసిన వాల్వులు ఎక్కడ?"

"డ్రైవర్లు ఇళ్లకు పట్టుకుపోయారు," అన్నాడు జయచంద్ర. "పాత సామాను గదా."

"కట్టు విప్పగానే వెతుకు," అన్నాడు చీఫ్. "ముందు పొయ్యిల దగ్గర చూడు."